వెన్నలో పెట్టిన మందు

“హజ్రత్, నేను నయం చేసిన మనిషి మళ్లీ జబ్బుతో వచ్చాడు. మందులో లోపం లేదు. లోపం ఎక్కడుందో నాకు అంతుపట్టడం లేదు,” అన్నాడు మౌలాలి.

బురాన్ షా చేటలో కొర్రలు పోసుకుని మట్టిబెడ్డలు ఏరుతున్నాడు. తల ఎత్తకుండానే, “ఎవరు?” అని అడిగాడు.

“రాళ్లు కొట్టే పుల్లన్న. నడుంనొప్పితో వంగిపోయి వచ్చినవాడు నా మందుతో నిటారుగా నిలబడ్డాడు. ఊరంతా చూసింది. ఇప్పుడు కళ్లు పచ్చబడ్డాయి. కూడు సయించడం లేదట. బండిలో వేసుకొచ్చారు.”

గురువు చేట పక్కన పెట్టి, మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా లేచాడు.

అది నవాబుల కాలం. పెన్నేటి ఒడ్డున, నాపరాతి గనులకు దగ్గర్లో సూఫీ ఫకీర్ల మఠంలాంటి ఆ ఖాన్‌ఖా ఉండేది. నాలుగు మట్టి గదులు, ఒక నమాజు అరుగు, వెనక మందుమొక్కల పెరడు. దానికి పెద్ద బురాన్ షా. ముస్లింలు ఆయన్ని హజ్రత్ అనేవాళ్లు. గనుల్లో రాళ్లు కొట్టేవాళ్లు, మగ్గాలవాళ్లు బురాన్ సామి అనేవాళ్లు. దువా చేసి దీవించమని అడగడానికి వచ్చేవాళ్లకంటే ఒంట్లో బాగాలేక వచ్చేవాళ్లే ఎక్కువ.

బురాన్ షా వైద్యం చూడ్డానికి వైద్యంలా ఉండేది కాదు. వచ్చినవాణ్ణి చాప మీద కూర్చోబెట్టి మాట్లాడించేవాడు. ఏం తింటున్నావు, ఎలా పడుకుంటున్నావు, ఎవరి మందు వాడుతున్నావు, ఇంట్లో ఎవరికైనా ఇలాగే ఉందా అని అడుగుతూ ఉండేవాడు. కొందరికి కషాయం ఇచ్చేవాడు. చాలామందిని జావ తాగమని, కొన్నాళ్లు బరువెత్తొద్దని చెప్పి పంపేసేవాడు. ‘ఇంత దూరం నడిచొస్తే జావ తాగమంటాడే’ అని గొణుక్కుంటూ పోయేవాళ్లు కూడా ఉండేవాళ్లు.

మౌలాలికి ఆ గొణుగుడు ముల్లులా గుచ్చుకునేది. అతను ప్రొద్దుటూరు వైపు మగ్గాలవాళ్ల బిడ్డ. మీసాలు రాకముందే ఖాన్‌ఖాకు వచ్చాడు. చేతి నేర్పు గొప్పది. కల్వంలో అతను నూరిన పొడి కంటిరెప్ప మీద రాసినా గరగరలాడదనేవాళ్లు. ఎండిన వేరును వాసన చూసి పేరు చెప్పేవాడు. ఇంత నేర్చుకుని మనుషుల్ని జావ తాగమని పంపడమేమిటని అతని బాధ.

ఒక వానాకాలం బీదరు నుంచి వచ్చిన ముసలి హకీము ఒకాయన ఏరు దాటలేక ఖాన్‌ఖాలో ఉండిపోయాడు. మౌలాలి చేతిపని చూసి ముచ్చటపడి, హరిదళంతో భస్మం చేయడం నేర్పాడు. హరిదళం అంటే పసుపుపచ్చని రాయి. పాషాణం జాతిది, పచ్చిగా తింటే ప్రాణం తీస్తుంది. దాన్ని కలబంద రసంలో నూరి, మూకుళ్ల మధ్య పెట్టి, మట్టితో మూసి, పిడకల నిప్పులో మళ్లీ మళ్లీ కాలిస్తే తెల్లటి బూడిద అవుతుంది. ఆవగింజంత తీసి వెన్నలో పెట్టి మింగిస్తే ఎంతటి నొప్పులైనా దిగిపోతాయని హకీము చెప్పాడు.

ఆ తర్వాత బురాన్ షా పెనుకొండ దర్గాకు వెళ్లాడు. అక్కడ జ్వరం పట్టుకుని ఎండాకాలం పోయేదాకా తిరిగి రాలేకపోయాడు.

ఆయన వచ్చేసరికి, మౌలాలి ఇస్తున్న భస్మం కోసం ఖాన్‌ఖా ముందు బండ్లు నిలబడి ఉన్నాయి. చింతచెట్ల కింద జనం వంటలు చేసుకుంటున్నారు. బురాన్ షా కర్ర పొడుచుకుంటూ వాళ్ల మధ్య నుంచి నడిచి వస్తే ఎవరో పరాయి ముసలాయన అనుకుని ఒకడు, “వరసలో రాప్పా, మేం పొద్దున్నుంచి ఉండాం,” అన్నాడు. ఆయన అలాగేనని వరసలో నిలబడ్డాడు. మౌలాలి చూసి పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు.

కాళ్లు కడుక్కున్నాక గురువు ఒక్క మాట అడిగాడు.

“ఈ మందు ఎన్నాళ్లు తినమంటున్నావు?”

“నొప్పి పోయేదాకా, హజ్రత్.”

“నొప్పి పోయాక మానేస్తున్నారా?”

మౌలాలి ఆలోచించాడు. నొప్పి పోయినవాళ్లు మళ్లీ వచ్చేవాళ్లు, కొబ్బరికాయో కోడిపుంజో తెచ్చేవాళ్లు, ఇంకాస్త మందు పట్టుకెళ్లేవాళ్లు. చుట్టాలకనో పక్కింటివాళ్లకనో చెప్పేవాళ్లు. ఎవరు తింటున్నారో అతను ఎప్పుడూ అడగలేదు.

“మానేసే ఉంటారు,” అన్నాడు.

పుల్లన్నను బండిలో తెచ్చింది ఆ తర్వాత కొద్దిరోజులకే.

*

పుల్లన్న పెద్ద మనిషి. భుజాలు గని రాయిలా ఉండేవి. ఇప్పుడు ఆ భుజాల కింద చొక్కా వదులుగా వేలాడుతోంది. పొట్ట మాత్రం ఉబ్బింది. కళ్లు, గోళ్లు, నాలుక కింద, అన్నీ పసుపుపచ్చగా ఉన్నాయి. ఒళ్లంతా గోకిన గీతలు. భార్య సుంకులమ్మ కొంగుతో ఈగలు తోలుతూ పక్కన కూర్చుంది.

“ఎప్పటినుంచమ్మా?” అని అడిగాడు బురాన్ షా.

“యాడ చెప్పేది సామీ. మందు తిన్నంక నొప్పి పోయింది. ఇద్దరు మనుసుల పని ఒక్కడే చేసినాడు. మందు అయిపోతానే మళ్లా పట్టుకునె. మళ్లా వచ్చి తెచ్చుకున్యాడు. పోను పోను ఆవగింజంత చాలకపాయ. జొన్నగింజంత మింగేటోడు.”

“ఆ మందు ఒక్కటేనా?”

సుంకులమ్మ మౌలాలి వైపు చూసింది. “విరేచనం కాకుంటే ఈ సామి నేపాళం మాత్రలిచ్చె. దురద పుడితే గంధకం ఇచ్చె. నిద్ర పట్టకుంటే నల్లమందు ఇచ్చె. అన్నీ తిన్నాడు సామీ. ఒక్క పూట తప్పలేదు.”

అది నిజం. ఏ మందు దేనికిచ్చాడో మౌలాలి ఇప్పటికీ చెప్పగలడు. ప్రతి మందూ అది పోగొట్టాల్సినదాన్ని పోగొట్టింది.

బురాన్ షా రోగి కుడి డొక్క కింద మూడు వేళ్లు ఆనించి మెల్లగా నొక్కాడు. పుల్లన్న పళ్లు బిగపట్టాడు. గురువు చెయ్యి అక్కడే కొంతసేపు ఉంచి, తర్వాత దుప్పటి సర్ది బయటికి వచ్చాడు.

మౌలాలి వెనకే వచ్చాడు. గొంతు తగ్గించి, “కల్లు తాగే ఉంటాడు, హజ్రత్. రాళ్లు కొట్టేవాళ్లలో తాగనివాడు ఎవడు? కామెర్లు దానివల్లే. మైలుతుత్తం శుద్ధి చేసి ఒక మందు సిద్ధం చేశాను. అది పడితే పసుపు దిగుతుంది,” అన్నాడు.

గుమ్మంలో నిలబడిన సుంకులమ్మ ఆ మాట విన్నది. “మా ఇంటాయన కల్లు ముట్టడు సామీ. వాళ్ల నాయిన తాగి తాగి సచ్చిపోతే, చిన్నపుడే ఒట్టు పెట్టుకున్యాడు,” అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

మౌలాలి ముఖం ఎర్రబడింది. గురువు అరుగు మీద కూర్చుని కాళ్లు చాపుకున్నాడు.

“మౌలాలీ.”

“హజ్రత్.”

“నా మోకాళ్ల సంగతి నీకు తెలుసు. పెనుకొండ నుంచి నడిచొచ్చాక మరీ బిగుసుకుపోయాయి. నమాజులో వంగితే లేవలేకపోతున్నాను. ఆ భస్మం నాకూ ఇవ్వు.”

ఈ మాట కోసం మౌలాలి ఎంతకాలంగానో ఎదురుచూస్తున్నాడు. ‘నీ మందు మంచిది’ అని గురువు నోటితో చెప్పకపోయినా ఇది చాలు. గబగబా లోపలికి వెళ్లాడు. పింగాణీ డబ్బీ తెరిచి, వెండి పుల్లతో ఆవగింజంత తీసి, గోలీకాయంత వెన్నముద్దలో పెట్టి అరచేతిలో పట్టుకుని వచ్చాడు.

బురాన్ షా చెయ్యి చాపాడు. ఆ చేతికి ముడతలు పడ్డాయి. ఖాన్‌ఖాకు వచ్చిన మొదటి రోజు మౌలాలికి అన్నం కలిపి పెట్టిన చెయ్యి అది.

మౌలాలి చెయ్యి ముందుకు పోలేదు.

బీదరు హకీము ఏరు దాటి వెళ్లిపోయే రోజున పడవ ఎక్కుతూ ఒక మాట చెప్పాడు. ‘ఇచ్చేముందు జిగర్ చూడు. కాలేయం నీరసించినవాడికి ఇది ఇవ్వకు. ఎవరికీ ఎక్కువకాలం ఇవ్వకు.’ పడవ వెళ్లిపోయాక మౌలాలికి పుటం పెట్టి కాల్చే పద్ధతి గుర్తుంది, కొలత గుర్తుంది, వెన్న గుర్తుంది. ఈ మాటను మాత్రం అతను ఎక్కడో పక్కన పెట్టేశాడు. ఇప్పుడది గుర్తొచ్చింది.

“ఏమైంది?” అన్నాడు గురువు.

“ముందు మీ నాడి చూస్తాను, హజ్రత్.”

“చూడు.”

చూశాడు. కళ్లు కిందికి లాగి చూశాడు. నాలుక చూశాడు. కుడి డొక్క కింద వేళ్లు ఆనించి నొక్కాడు.

“ఆకలి ఎలా ఉంది?”

“అంతంతమాత్రం.”

“పెనుకొండలో జ్వరానికి ఏమైనా ఇచ్చారా?”

“ఏదో కషాయం ఇచ్చారు. చేదుగా ఉండేది.”

“అందులో ఏమేం వేశారు?”

“నాకు తెలియదు.”

“ఎన్నాళ్లు తాగారు?”

“జ్వరం దిగేదాకా. దిగాక కూడా కొన్నాళ్లు తాగమన్నారు, తాగాను.”

అరచేతి వేడికి వెన్న కరిగి వేళ్ల సందుల్లోంచి జారుతోంది.

“ఇవ్వలేను, హజ్రత్,” అన్నాడు చివరికి.

“ఎందుకు?”

“మీ కాలేయం దీన్ని మోయగలదో లేదో నాకు తెలియదు.”

బురాన్ షా తల ఊపాడు. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

“పుల్లన్నను ఇవి అడిగావా?”

లోపలి నుంచి పుల్లన్న మూలుగు వినిపిస్తోంది. గోళ్లతో చర్మం గీరుకుంటున్న చప్పుడు కూడా వినిపిస్తోంది.

“ఆ వెన్నను గొయ్యి తీసి పూడ్చిపెట్టు. పైన వదిలేస్తే కుక్కలు నాకుతాయి,” అన్నాడు గురువు.

*

సుంకులమ్మకు ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. చేతులు కడుక్కుని మౌలాలి గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాడు. బురాన్ షా అతన్ని దాటుకుని లోపలికి వెళ్లి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

“అమ్మా, నీ భర్తకు ఈ జబ్బు మా ఇంటి మందువల్లే వచ్చింది. మనిషి ఏది మింగినా కాలేయం దాకా వెళ్లాల్సిందే. అక్కడ అది పుల్లన్నను దెబ్బతీసింది. ఈ చోటును వదిలి ఇన్నాళ్లు దూరంగా ఉన్నది నేను. తప్పు నాది.”

మౌలాలి ముందుకొచ్చాడు. “కాదు. ఆ మందులన్నీ నేనిచ్చాను. హజ్రత్ ఇవ్వలేదు.”

సుంకులమ్మ ఇద్దరి వైపూ చూసింది. తిడుతుందనుకున్నాడు మౌలాలి. తిడితే బాగుండుననుకున్నాడు.

“నొప్పి పోయిన పొద్దు,” అందామె, “నీ పేరు చెప్పుకోని ఇంట్లో దీపం పెట్టినాం సామీ.”

ఆ తర్వాత భర్త వైపు తిరిగి, ఆయన నుదుటి చెమట తుడిచింది.

ఆ రోజు నుంచి పుల్లన్నకు మందులన్నీ ఆపేశారు. భస్మం లేదు, నేపాళం లేదు, నల్లమందు లేదు. తుత్తం మందును గురువు చూడను కూడా చూడలేదు. పలచటి జొన్నజావ, నీళ్ల మజ్జిగ, దానిమ్మ రసం మాత్రం ఇమ్మన్నాడు. దురద పుడితే తడిగుడ్డతో తుడవమన్నాడు.

“ఇంకేమీ ఇవ్వొద్దా?” అని అడిగాడు మౌలాలి.

“కాలేయానికి పని తగ్గించు. కోలుకునే ఓపిక మిగిలుంటే అదే కోలుకుంటుంది.”

“లేకపోతే?”

గురువు లేచి వెళ్లి పుల్లన్న దుప్పటి సర్దాడు.

మందు చేయడం ఎరిగినవాడు మందు లేకుండా రోగి పక్కన కూర్చోవడం ఎంత కష్టమో మౌలాలికి అప్పుడు తెలిసింది. పుల్లన్న నడుంనొప్పి తిరిగొచ్చింది. “సామీ, నీ పుణ్యముంటది, రవ్వంత పెట్టు. ఈ పసరు రోగం ఎట్లన్నా పోనీ, నడుం తట్టుకోలేను,” అని బతిమాలేవాడు. డబ్బీ పక్క గదిలోనే ఉంది. మౌలాలి లేచి రెండు అడుగులు వేసి, మళ్లీ వచ్చి కూర్చునేవాడు. ఇసుక వేయించి మూటకట్టి ఆ నడుముకు కాపడం పెట్టేవాడు. చల్లారితే మళ్లీ వేయించేవాడు. సుంకులమ్మ అన్నీ చూస్తూ ఉండేది గానీ అతనితో మాట్లాడేది కాదు.

*

ఒకనాటి పొద్దున బురాన్ షా అడిగాడు. “మిగతావాళ్లు?”

ఎవరని మౌలాలి అడగలేదు. తల మీద తుండు వేసుకుని బయల్దేరాడు.

ఊరూరూ తిరిగాడు. తను ఇచ్చిన మందును తిరిగి అడిగాడు. ఇచ్చేటప్పుడు దండాలు పెట్టినవాళ్లే ఇప్పుడు తలుపు దగ్గర నిలబెట్టి మాట్లాడారు. “అంటే ఇన్నాళ్లూ మాకు విషం పెట్టినావా?” అన్నారు కొందరు. “మీ గురువుకు నీ పేరు గిట్టక తిప్పుతాండాడులే,” అని జాలిపడ్డారు కొందరు. ఆకలి మందగించినవాళ్లు, మూత్రం చిక్కటి పసుపు రంగులో పోతోందన్నవాళ్లు, పగలంతా నీరసంగా పడుకుంటున్నామన్నవాళ్లు ఆ ఇళ్లల్లో చాలామందే కనిపించారు. ఎవరికీ నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి బాగానే ఉన్నామనుకుంటున్నారు.

ఈరమ్మ అనే ముసలామె మాత్రం ఇవ్వనంది. ఆమె మగ్గానికి కండెలు చుట్టి బతికే మనిషి. వేళ్ల కణుపులు ఉబ్బి వంకర తిరిగి ఉన్నాయి.

“ఇది తింటేనే ఏళ్లు ఆడతాయి. ఏళ్లు ఆడితేనే కూడు. ఇది నీకిస్తే, నా నొప్పి నువ్వు తీసుకుంటావా?” అని అడిగింది.

మౌలాలి వెళ్లిపోలేదు. వాకిట్లో కూర్చున్నాడు. పొద్దెక్కాక లేచి, పొయ్యి మీద నువ్వులనూనె వెచ్చబెట్టి తెచ్చి, ఆమె వేళ్లు ఒక్కొక్కటే పట్టుకుని రాశాడు. ఆమె వద్దనలేదు, మందూ ఇవ్వలేదు. మర్నాడూ వెళ్లాడు. ఆ మర్నాడూ వెళ్లాడు. నూనె రాసి, కాపడం పెట్టి, ఆమె చుట్టాల్సిన కండెల్లో కొన్ని తనే చుట్టి వచ్చేవాడు. మగ్గాలవాళ్ల బిడ్డ కాబట్టి చేతులు ఆ పని మర్చిపోలేదు.

ఒక రోజు ఆమె కొంగుముడి విప్పి పొట్లం అతని ముందు పడేసింది.

“తీసకపో. నీ మాట మీద గురి కుదిరి కాదు. నువ్విట్ల దినామూ నా వాకిట్లో కూర్చుంటే ఊరోళ్లు నవ్వుతాండారు,” అంది.

తెచ్చిన పొట్లాలన్నీ డబ్బీలో మిగిలినదానితో కలిపి గుట్ట వెనక, బావులకు దూరంగా, లోతుగా గొయ్యి తీసి పూడ్చి, పైన నాపరాయి కప్పాడు. అంత నున్నగా మళ్లీ నూరలేనేమో అని ఒక్క క్షణం అనిపించింది. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడ్డాడు.

*

పుల్లన్నకు కాస్త నెమ్మదించింది. దురద తగ్గింది. ఒక పూట జావ అడిగి తాగాడు. గోడకు ఆనుకుని కూర్చుని, వాకిట్లో పరిచిన నాపరాళ్లను చూసి, “ఇవి ఎవురు పరిసినార్రా, వాలు తప్పినారు,” అన్నాడు. సుంకులమ్మ నవ్వింది. ఆమె నవ్వడం మౌలాలి అదే మొదటిసారి చూశాడు.

అతను పరుగున వెళ్లి గురువుకు చెప్పాడు. బురాన్ షా వచ్చి పుల్లన్నతో కొంతసేపు రాళ్ల గురించి మాట్లాడాడు. వెళ్తూ మౌలాలితో, “ఇవాళ అతని దగ్గరే ఉండు,” అన్నాడు. ఆయన ముఖంలో సంతోషం లేదు.

పుల్లన్న పగలు నిద్రపోవడం మొదలుపెట్టాడు. మెలకువ వచ్చినా మాట తడబడేది. చేతులు చాపమంటే పిట్ట రెక్కల్లా కొట్టుకునేవి. ఒక పొద్దున సుంకులమ్మ జావ పట్టుకెళ్తే, “నువ్వెవురమ్మా, ఎవురి ఇంటిదానివి?” అని అడిగాడు. ఆమె గిన్నె కింద పెట్టి, “నీ ఇంటిదాన్నే,” అంది. అతను మర్యాదగా తల ఊపి కళ్లు మూసుకున్నాడు.

ముక్కులోంచి నెత్తురు కారింది. ఆగలేదు. మధ్యాహ్నం నమాజుకు పిలుపు వినిపించే వేళకు పుల్లన్న పోయాడు. అప్పుడు అతని తల మౌలాలి ఒళ్లో ఉంది. చాలాసేపటి వరకు దించలేదు.

పుల్లన్న మనుషులు వచ్చి తీసుకెళ్లారు. బురాన్ షా మోకాళ్ల నొప్పితోనే పాడె వెంట గనుల దాకా నడిచాడు. మౌలాలి అందరికంటే వెనక నడిచాడు. గుంతలో తలా గుప్పెడు మట్టి వేస్తుంటే అతను దూరంగా నిలబడిపోయాడు. సుంకులమ్మ వాళ్లన్న వచ్చి, “రాప్పా, నువ్వూ ఎయ్యి,” అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు.

*

ఆ తర్వాత మౌలాలి మందుల గదిలో అడుగు పెట్టలేదు. తెల్లవారుజామునే లేచి నీళ్లు తోడేవాడు, అరుగు ఊడ్చేవాడు, నమాజులో ఎక్కువసేపు ఉండేవాడు. రోగులు వస్తే హజ్రత్ దగ్గరికి వెళ్లమని చెప్పి తప్పుకునేవాడు.

బురాన్ షా కొన్నాళ్లు చూశాడు. ఒక రోజు అతన్ని పిలిచి, ఎండబెట్టిన ఉసిరికాయలు ఇచ్చి నూరమన్నాడు.

“నేను వైద్యం మానేశాను, హజ్రత్.”

“ఎందుకు?”

“భయంగా ఉంది. చేతిలోకి ఏ వేరు తీసుకున్నా, ఇది లోపలికి వెళ్లి ఏం చేస్తుందో అనిపిస్తోంది. కషాయం కాచాలన్నా భయమే. మంచినీళ్లు ఇవ్వాలన్నా భయమే.”

“ఇన్నాళ్లూ లేనిది అదే,” అన్నాడు గురువు. కల్వం అతని ముందుకు జరిపి లేచి వెళ్లిపోయాడు.

మౌలాలి కల్వం ముందు కూర్చున్నాడు గానీ పొత్రం ముట్టుకోలేదు. ఎండ అరుగు మీద నుంచి వాకిట్లోకి జరిగింది. ఎవరో వచ్చిన అలికిడైతే తల ఎత్తాడు.

సుంకులమ్మ. చేతులకు రాతిదుమ్ము ఉంది. పుల్లన్న చేసిన పని ఇప్పుడు ఆమె చేస్తోంది. వెంట ఇంకొక ఆడమనిషి, గనుల్లో ఆమెతోపాటు పనిచేసే మనిషి కాబోలు, నడుం పట్టుకుని వంగి నిలబడి ఉంది.

“ఈయమ్మను చూడు సామీ. నెలనాళ్లుగా లేవలేక ఉండాది,” అంది సుంకులమ్మ.

మౌలాలి లేచి నిలబడ్డాడు. “హజ్రత్ లోపల ఉన్నారు. పిలుస్తాను.”

“నీకు చూపిద్దామనే తెచ్చినా.”

అతను ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. కింద నాపరాళ్లను చూస్తూ, “ఇంత జరిగాక కూడా నన్ను నమ్మి తెచ్చావా అమ్మా?” అని అడిగాడు.

సుంకులమ్మ కాస్త ఆలోచించింది.

“నమ్మి కాదు సామీ,” అంది. “నువ్వు ఇంక తొందరపడవు.”

లోపల బురాన్ షా జపమాల తిప్పుతున్న చప్పుడు ఆగింది. తర్వాత మళ్లీ మొదలైంది.

మౌలాలి లోపలికి వెళ్లి చాప తెచ్చి నీడలో పరిచాడు. ఆ మనిషిని భుజం పట్టుకుని మెల్లగా కూర్చోబెట్టాడు. తనూ ఎదురుగా నేల మీద కూర్చుని, ఆమె ఊపిరి కుదుటపడేదాకా ఆగాడు.